టార్డిగ్రేడ్ అంతరిక్షాన్ని తట్టుకుంది కరువు విద్యతోనే

అమ్మా, మీరు ప్రొద్దుటూరు దగ్గర హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతున్నారనీ, వ్యోమగామి శుభాంశు శుక్లా అంతరిక్ష యాత్ర గురించి మాట్లాడుతుంటే తొమ్మిదో తరగతి పిల్లలు టార్డిగ్రేడ్లనే, మైక్రోస్కోపులో చూడాల్సిన బుల్లి జీవుల మీద ప్రశ్నలు వేశారనీ రాశారు. అది నిజంగా అంతరిక్షంలో బతుకుతుందా? దానికి చావే లేదా? ఇప్పుడు చంద్రుడి మీద ఉందా? మన కడప జిల్లాలో దొరుకుతుందా? దొరికితే పిల్లలకు ఎలా చూపించాలి? నేను అనంతపురంలో డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పి రిటైరయినవాణ్ణి. ఏటా వానలు పడ్డాక గోడల మీది పాచి (మాస్) తెచ్చి ఈ జీవిని పిల్లలకు చూపించేవాణ్ణి. అందుకని కాస్త వివరంగానే చెబుతాను.

ముందు అసలు సంగతి. అంతరిక్షంలో టార్డిగ్రేడ్ తినదు, కదలదు, పెరగదు, గుడ్లు పెట్టదు. ఎండిపోయి, బతుకు పనులన్నీ నిలిపేసి, మళ్ళీ నీళ్ళు తగిలేదాకా చెడిపోకుండా ఉంటుంది. ఈ విద్య దానికి అంతరిక్షం కోసం వచ్చింది కాదు. గోడ మీది పాచిలో, చెట్టు బెరడు మీద, మనం మసాలాలో వేసుకునే రాతిపువ్వు లాంటి వాటిలో కాపురముండే జీవికి ఏడాదిలో ఎన్నోసార్లు నీళ్ళు కరువవుతాయి. ఆ కరువు దాటడానికి అలవడిన విద్యే అంతరిక్షంలోనూ పనికొచ్చింది. మీ పిల్లలకు ఈ ఒక్కటి బాగా పట్టుబడితే మిగతా ప్రశ్నల్లో చాలావాటికి వాళ్ళే జవాబు చెప్పగలరు.

జీవి గురించి క్లుప్తంగా. చాలా రకాలు అర మిల్లీమీటరు లోపే ఉంటాయి. నాలుగు జతల పొట్టి కాళ్ళు, వాటి చివర గోళ్ళు, నోట్లో రెండు సన్నని శూలాలు. ఆ శూలాలతో పాచి కణాలను పొడిచి రసం పీలుస్తాయి. మిల్నీసియం లాంటివి వేటాడతాయి, రోటిఫర్లనే సూక్ష్మ నీటిజీవులనూ నులిపురుగులనూ తింటాయి. 1773లో గోజె అనే జర్మన్ పాస్టరు దీన్ని వర్ణించి చిన్న నీటి ఎలుగు అన్నాడు. ఇప్పటికి పదమూడు వందలకు పైగా జాతులు తెలుసు. నేల మీద ఉండే రకాలు కూడా నిజానికి నీటి జీవులే. ఒంటి చుట్టూ పలుచని నీటి పొర ఉంటేనే అవి నడవగలవు, తినగలవు, చర్మం గుండా ఊపిరి తీసుకోగలవు.

సముద్రంలో కూడా టార్డిగ్రేడ్లు ఉన్నాయి. తమిళనాడులోని మండపం తీరపు ఇసుకలో దొరికిన ఒక జాతికి కొచ్చిన్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2023లో చంద్రయాన్-3 గుర్తుగా బాటిలిపెస్ చంద్రయాని అని పేరు పెట్టారు. ఇక్కడ మీ పిల్లలు గమనించాల్సింది ఒకటుంది. ఎప్పుడూ నీళ్ళలోనే ఉండే సముద్రపు రకాల్లో చాలావాటికి ఎండిపోయి మళ్ళీ లేచే శక్తి లేదు. అది బాగా ఉన్నది తడి, పొడి మారి మారి వచ్చే చోట బతికే రకాలకే. టార్డిగ్రేడ్లన్నీ అంతరిక్షాన్ని తట్టుకుంటాయని చెప్పే వీడియోలు ఈ తేడాను వదిలేస్తున్నాయి. నా దృష్టిలో మొత్తం కథలో ముఖ్యమైనది ఈ తేడాయే.

ఎండటం ఎలా జరుగుతుందో చూద్దాం. పాచి ఆరిపోతుండగా టార్డిగ్రేడ్ కాళ్ళూ తలా లోపలికి లాక్కుని చిన్న ముద్దగా ముడుచుకుంటుంది. ఈ రూపాన్ని టన్ అంటారు. ఒంట్లో నీరు నూటికి మూడు పాళ్ళ దాకా, ఒక్కోసారి అంతకన్నా కిందికి దిగిపోతుంది. జీవక్రియలు మామూలు స్థాయిలో పదివేలో వంతుకు పడిపోతాయి, కొలిచే సాధనాలకు అందనంతగా. 1959లో కైలిన్ అనే శాస్త్రవేత్త ఈ స్థితికి క్రిప్టోబయోసిస్ అని పేరు పెట్టాడు.

మామూలు కణం ఎండితే ఎందుకు చస్తుంది? నీరు పోగానే ప్రొటీన్ల ఆకారం చెడుతుంది, అవి ఒకదానికొకటి అతుక్కుంటాయి, కణపొరలు చిరుగుతాయి. మళ్ళీ నీళ్ళు పోసినా ఆ చెడిపోయింది బాగుపడదు. టార్డిగ్రేడ్ కణాల్లో మాత్రం స్థిరమైన ఆకారమంటూ లేని ప్రత్యేక ప్రొటీన్లు ఉంటాయి. అమెరికాలో థామస్ బూత్బీ బృందం 2017లో చూపించింది ఇదే: ఎండే సమయంలో ఈ ప్రొటీన్లు పెద్ద మొత్తంలో తయారై, నీరు పోయేకొద్దీ గాజు లాంటి గట్టి పదార్థంగా మారి, కణంలోని మిగతా భాగాలను ఎక్కడివక్కడ పట్టి ఉంచుతాయి. పిల్లలకు వేరుశనగ చిక్కీ చూపించి చెప్పండి. పాకం ముదిరి గట్టిపడ్డాక ఏ పప్పూ కదలదు, ఒకదానికొకటి రాసుకోదు. నీళ్ళలో వేస్తే పాకం కరిగి పప్పులు చెక్కుచెదరకుండా బయటికొస్తాయి. ట్రెహలోస్ అనే చక్కెర కూడా కొన్ని జీవుల్లో ఈ పని చేస్తుంది, కానీ చాలా టార్డిగ్రేడ్లలో అది బాగా తక్కువ, కొన్నింటిలో కనిపించను కూడా కనిపించదు. అందుకే ఈ ప్రొటీన్లు కనుక్కోవడం అంత పెద్ద విషయమైంది.

ఈ ఏర్పాటుకు సమయం కావాలి. గాజు పలక మీద నీటి చుక్కలో పెట్టి ఫ్యాను కింద గబగబా ఆరబెడితే టార్డిగ్రేడ్ చచ్చిపోతుంది. పాచి తేమను మెల్లగా వదులుతుంది కాబట్టే అందులో ఉన్నది బతుకుతుంది. ప్రయోగం చేయించేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ఇప్పుడు మొదటి ప్రశ్న. 2007 సెప్టెంబరు 14న బైకనూర్ నుంచి ఫోటాన్-ఎం3 అనే మనుషులు లేని వ్యోమనౌక ఎగిరింది. పన్నెండు రోజులు కక్ష్యలో ఉండి తిరిగొచ్చింది. అందులో యూరప్ అంతరిక్ష సంస్థ పెట్టిన పరికరాల్లో ఒకదాని మూత కక్ష్యలో తెరుచుకునేలా చేశారు. స్వీడన్‌కు చెందిన ఇంగెమార్ యోన్సన్ బృందం ఎండబెట్టిన రెండు జాతుల టార్డిగ్రేడ్లను, రిక్టర్సియస్ కొరోనిఫర్‌నూ మిల్నీసియం టార్డిగ్రేడమ్‌నూ, అందులో పెట్టింది. భూమికి సుమారు 260 నుంచి 280 కిలోమీటర్ల ఎత్తులో, పది రోజుల పాటు, మధ్యలో గోడ అనేది లేకుండా అవి శూన్యంలో ఉన్నాయి.

ప్రయోగాన్ని ఎలా అమర్చారన్నదే దీని అందం. కొన్నింటికి శూన్యం, విశ్వకిరణాలు మాత్రమే తగిలేలా ఎండ పడకుండా కప్పారు. కొన్నింటికి వడపోత అద్దాలు పెట్టి అతినీలలోహిత కిరణాల్లో కొంత భాగమే తగలనిచ్చారు. కొన్నింటిని పూర్తి ఎండకు వదిలేశారు. పోల్చుకోవడానికి భూమి మీద కొన్నింటిని ఉంచుకున్నారు. తిరిగొచ్చాక నీళ్ళు పోసి చూస్తే, శూన్యం మాత్రమే చూసినవి భూమి మీద ఉన్నవాటికి దాదాపు సమానంగా లేచాయి. గుడ్లు పెట్టాయి, ఆ గుడ్లలోంచి పిల్లలొచ్చాయి. పూర్తి ఎండ తగిలినవాటిలో మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే మిగిలాయి. 2008లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. శూన్యమూ అంతరిక్షపు ఎండా రెండూ చూసి తిరిగి లేచిన మొదటి జంతువుగా టార్డిగ్రేడ్‌కు పేరొచ్చింది అప్పుడే.

కారణం ఆలోచించండి. శూన్యంలో మనకు వచ్చే ముప్పు ఊపిరి ఆగడం, ఒంట్లోని నీరు ఆవిరి కావడం. టన్‌లో ఆవిరయ్యేంత నీరు లేదు, దానికి ఊపిరితో పని లేదు. కాబట్టి శూన్యం దానికి మరికొంత గట్టి ఎండకాలం, అంతే. అతినీలలోహిత కిరణాల పని వేరు. అవి నేరుగా డీఎన్ఏలో పక్కపక్కన ఉన్న భాగాలను తప్పుగా అతికించేస్తాయి. భూమి మీద వాటిలో అత్యంత ప్రమాదకరమైన భాగాన్ని ఓజోన్ పొర అడ్డుకుంటుంది, అక్కడ ఆ అడ్డు లేదు. బతికి తిరిగే కణమైతే దెబ్బ తగిలిన చోటల్లా వెంటనే మరమ్మతు చేసుకుంటుంది. ఎండిన కణానికి ఆ వీలు లేదు. దెబ్బలన్నీ పేరుకుని, నీళ్ళు తగిలిన రోజున ఒక్కసారిగా బయటపడతాయి.

రేడియేషన్ సంగతీ ఇలాంటిదే. మనిషికి ఒకేసారి 5 గ్రే (రేడియేషన్ మోతాదును కొలిచే యూనిట్) తగిలితే చికిత్స లేకుండా బతకడం కష్టం. మిల్నీసియం టార్డిగ్రేడమ్‌లో సగం చావడానికి సుమారు 5,000 గ్రే గామా కిరణాలు కావాల్సి వచ్చిందని జపాన్ పరిశోధకులు 2006లో చూపించారు. ఎండిన స్థితిలో అయితే సుమారు 4,400. అంటే తడిగా ఉన్నదే కాస్త మెరుగు! ఎండిపోవడం ఒక్కటే కవచమైతే ఇలా రాదు. మరమ్మతు శక్తి కూడా గట్టిదని దీన్ని బట్టి అర్థమవుతుంది. 2016లో టోక్యో విశ్వవిద్యాలయంలో కునియెడా బృందం డీఎన్ఏను అంటిపెట్టుకుని కాపాడే ఒక ప్రొటీన్ కనిపెట్టి డిసప్ అని పేరు పెట్టింది. ఆ జన్యువును మనిషి కణాల్లో పెడితే ఎక్స్-కిరణాల వల్ల డీఎన్ఏకు తగిలే దెబ్బలు సుమారు 40 శాతం తగ్గాయి. 2024లో అమెరికాలోని నార్త్ కరోలినా పరిశోధకులు, గామా కిరణాలు తగిలిన వెంటనే టార్డిగ్రేడ్ తన మరమ్మతు జన్యువులను విపరీతంగా పెంచుకుంటుందని చూపారు.

అతినీలలోహిత కిరణాల విషయంలో మన పక్కనే జరిగిన పని ఒకటుంది, పిల్లలకు తప్పకుండా చెప్పండి. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్సీ)లో సందీప్ ఈశ్వరప్ప బృందం తమ ఆవరణలో గోడ మీది పాచిలోంచి గోధుమ-ఎరుపు రంగు టార్డిగ్రేడ్‌ను పట్టుకుంది. పారామాక్రోబయోటస్ జాతిది. దాన్ని క్రిములను చంపే అతినీలలోహిత దీపం కింద పెట్టారు. బ్యాక్టీరియా, నులిపురుగులు ఐదు నిమిషాల్లోనే చచ్చే మోతాదు అది. పదిహేను నిమిషాలు పెడితే హిప్సిబియస్ అనే మరో రకం టార్డిగ్రేడ్లు ఒక రోజులోపు చాలావరకు చచ్చాయి. గోడ మీది జాతికి ఏమీ కాలేదు. మోతాదు నాలుగింతలు చేసినా అరవై శాతం దాకా నెల దాటి బతికాయి. దాని చర్మం కింద ఉన్న పదార్థం అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని హానిలేని నీలికాంతిగా వదిలేస్తుంది. ఆ పదార్థాన్ని తీసి హిప్సిబియస్ మీద పూస్తే వాటికీ కొంత రక్షణ వచ్చింది. ఇది 2020లో అచ్చయింది. దక్షిణ భారతపు మండే ఎండలకే ఈ కవచం ఏర్పడి ఉండవచ్చని ఆ బృందం భావించింది. అనంతపురం నుంచి రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, మన ఊళ్ళలో ఉండేలాంటి గోడ మీద దొరికింది. ఎప్పుడు చదివినా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

శుక్లా యాత్రకు ఇది వారధి. 2025 జూన్ 25న యాక్సియం-4 యాత్రలో బయలుదేరి జూలై 15న తిరిగొచ్చిన ఆయన, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఇస్రో పంపిన ప్రయోగాల్లో భాగంగా భారతీయ టార్డిగ్రేడ్ల మీద కూడా పనిచేశారు. నిద్రలేవడం, గుడ్లు పెట్టడం, ఏ జన్యువులు పనిచేస్తున్నాయన్నది ఆ ప్రయోగంలో చూసే అంశాలు. అది కేంద్రం లోపల, గాలి, వెచ్చదనం ఉన్న చోట జరిగిన ప్రయోగం. బయటి శూన్యంలో పెట్టిన ప్రయోగం 2007 నాటిది. ఈ రెంటినీ కలిపేసి శుక్లా వాటిని శూన్యంలో వదిలాడని వాట్సాప్‌లో తిరుగుతోంది, పిల్లలను సరిదిద్దండి.

రెండో ప్రశ్న, చావు లేదా? ఉంది, మామూలుగానే ఉంది. చురుకుగా తిరిగే టార్డిగ్రేడ్ ఆయుష్షు కొన్ని నెలల నుంచి ఒకటి రెండేళ్ళు. నులిపురుగులు, సాలీళ్ళు లాంటివి దాన్ని తింటాయి. దానికి వేడి పడదు. 2020లో కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయంలో రామజోటియస్ అనే జాతిని పరీక్షించారు. డెన్మార్క్‌లో ఇంటి చూరు కాలువలోంచి తెచ్చినవి. తడిగా, చురుకుగా ఉన్నవాటిని 37.1 డిగ్రీల వేడిలో ఒక రోజు ఉంచితే సగం చచ్చాయి. ఎండిన స్థితిలో ఒక గంట సేపైతే 82.7 డిగ్రీలకు సగం చచ్చాయి. ఒక రోజంతా ఉంచితే 63.1 డిగ్రీలకే.

ఈ అంకెలను మన ఎండాకాలం పక్కన పెట్టి చూడండి. కర్నూలు, కడప, అనంతపురాల్లో ఏప్రిల్, మే నెలల్లో నీడలోనే నలభై దాటుతుంది, ఎండ పడే గోడ ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. ఆ వేడికి తడిగా ఉంటే అది చచ్చేదే. ఆ నెలల్లో పాచి గోధుమరంగుకు మారి పొడిబారి ఉంటుంది కాబట్టి, అందులోని టార్డిగ్రేడ్ కూడా ఎండి పడి ఉంటుంది. దాన్ని బతికించేది ఆ ఎండటమే. ఏడాదికి అటూ ఇటుగా 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురంలో ఇది ఏటేటా జరుగుతున్నదే.

ఎండిన టన్ ఎంతకాలం నిలుస్తుందంటే, సాధారణంగా కొన్నేళ్ళు, పదేళ్ళ దాకా. గడ్డకట్టిన స్థితిలో ఇంకా ఎక్కువ. 1983లో జపాన్ వాళ్ళు అంటార్కిటికా నుంచి తెచ్చి మైనస్ 20 డిగ్రీల్లో దాచిన పాచిని 2014లో కరిగిస్తే రెండు టార్డిగ్రేడ్లు లేచాయి, ఒక గుడ్డు పొదిగింది. ముప్పై ఏళ్ళు! మ్యూజియంలో నూట ఇరవై ఏళ్ళున్న పాచిలోంచి లేచాయని తరచూ రాస్తుంటారు. అక్కడ చూసింది ఒకదాని కాలు కాస్త కదలడమే, అది మళ్ళీ బతికినట్టు రుజువు కాలేదు. ఇంకోటి, వేరే గ్రహం నుంచి వచ్చిందన్న మాట. ముందు చెప్పినట్టు టన్ తనను తాను బాగుచేసుకోలేదు. గ్రహాల మధ్య రాతిలో ఇరుక్కుని లక్షల ఏళ్ళు ప్రయాణించడానికి ముప్పై ఏళ్ళ ఓపిక చాలదు. పైగా దాని జన్యువులు మన భూమి మీది కీళ్ళకాళ్ళ జంతువులకు దగ్గరి చుట్టమని స్పష్టంగా చెబుతున్నాయి.

చంద్రుడి మాట. ఇజ్రాయెల్ వాళ్ళ బెరెషీట్ నౌక 2019 ఏప్రిల్ 11న దిగబోతూ చంద్రుణ్ణి గుద్దుకుంది. అందులో వేల సంఖ్యలో ఎండిన టార్డిగ్రేడ్లు ఉన్నాయి. 2021లో ఇంగ్లండులో అలెహాంద్రా ట్రాస్పాస్, మార్క్ బర్షెల్ ఒక పరీక్ష చేశారు. గడ్డకట్టించిన టార్డిగ్రేడ్లను తూటాలో పెట్టి ఇసుక మీదికి పేల్చారు. సెకనుకు సుమారు 900 మీటర్ల వేగం దాకా కొన్ని బతికాయి, ఆపైన ఏవీ లేవు. బెరెషీట్ లాంటి లోహపు నౌక నేలకు కొట్టుకున్నప్పుడు పుట్టే ఒత్తిడి ఆ హద్దును దాటుతుందని, అవి బతికి ఉండవని ట్రాస్పాస్ తేల్చారు. ఏదైనా మిగిలినా అక్కడ నీళ్ళు లేవు, లేచే అవకాశమే లేదు. ఎండ పడే నేల 120 డిగ్రీల దాకా కాలుతుంది. పైన చెప్పిన 82.7తో పోల్చుకోమనండి, పిల్లలే తేలుస్తారు.

వీటన్నిటికన్నా నాకు ఎక్కువ ఆశ కలిగించేది వేరే పని. హిమోఫిలియా ఉన్నవాళ్ళకు రక్తం గడ్డకట్టడానికి ఇచ్చే ఎనిమిదో ఫ్యాక్టర్ చల్లగా ఉంచకపోతే పాడవుతుంది. బూత్బీ బృందం 2023లో టార్డిగ్రేడ్ ప్రొటీన్‌తో, ట్రెహలోస్ చక్కెరతో ఎండబెట్టి దాన్ని ఫ్రిజ్ లేకుండా నిలపవచ్చని చూపింది. ఇంకా ప్రయోగశాల దశలోనే ఉంది. కరెంటు పోయే పల్లెలో, నలభై మూడు డిగ్రీల ఎండలో మందు పెట్టె మోసుకెళ్ళే ఆరోగ్య కార్యకర్తను తలుచుకుంటే ఈ పరిశోధన ఎవరి కోసమో తెలుస్తుంది. అంతరిక్షం పేరుతో పిల్లలు ఈ జీవి దగ్గరికొచ్చినా, కనీసం ఒక్కరు ఈ వైపు వెళ్ళాలని నా కోరిక.

ఇక చూపించడం. వానలు మొదలయ్యాక సెప్టెంబరు, అక్టోబరుల్లో ఉత్తరం వైపు కాంపౌండ్ గోడలు, నాపరాళ్ళ సందులు, పాత మిద్దెల పిట్టగోడలు, వేప చెట్టు బెరడు వెతకండి. నేల మీద బురదలో పెరిగే దానికన్నా, రాయి మీద కుచ్చులుగా పెరిగి ఎండితే ముడుచుకునే పాచి మంచిది. గండికోట లాంటి రక్షిత కట్టడాల మీద గీకకండి, లంకమల అడవిలోంచి అనుమతి లేకుండా తేకండి. బడి గోడ చాలు. కాగితపు కవరులో దాచండి, ప్లాస్టిక్‌లో బూజు పడుతుంది.

చిటికెడు పాచిని గిన్నెలో తలకిందులుగా పెట్టి మునిగేదాకా వాన నీళ్ళు పోయండి. మన బోరు నీళ్ళలో ఉప్పు, ఫ్లోరైడ్ ఎక్కువ, వాడొద్దు. వాన నీళ్ళు లేకుంటే ప్లాంటు నీళ్ళు సరే. ఒక రాత్రి ఉంచి, పొద్దున పాచిని అదే గిన్నెలో పిండి, అడుగున చేరిన మడ్డిని ఒక చుక్క పలక మీద వేయండి. బడి మైక్రోస్కోపులో అతి తక్కువ వృద్ధి చేసే అద్దంతో మొదలుపెట్టండి, వెలుతురు తగ్గించండి. కాగితంతో చేసే ఫోల్డ్‌స్కోప్ ఉన్నా సరిపోతుంది. సన్నగా కొరడాలా కొట్టుకునేవి నులిపురుగులు. తల దగ్గర చక్రాలు తిరుగుతున్నట్టు కనిపించేవి రోటిఫర్లు. ఎనిమిది కాళ్ళతో ఇసుక రేణువులను తడుముతూ నిదానంగా పాకేది టార్డిగ్రేడ్. మొదటి పాచిలో కనబడకపోతే వేరే గోడది చూడండి, ఒక్క చోట లేకపోవడం మామూలే.

దొరికాక అదే పాచిలో మిగిలిన భాగాన్ని కాగితం మీద నీడలో రెండు మూడు రోజులు మెల్లగా ఆరనిచ్చి, కవరులో పెట్టి, దసరా సెలవులు అయ్యేదాకా బీరువాలో ఉంచండి. సెలవుల తర్వాత పిల్లల ముందే నీళ్ళు పోసి, కాళ్ళు మొదట కదలడానికి ఎంత సేపు పట్టిందో గడియారం చూసి రాయమనండి. కొన్ని అరగంటలోపే కదులుతాయి, కొన్నింటికి గంటలు పడతాయి, కొన్ని లేవవు. లేవనివాటి సంఖ్య కూడా రాయించండి. నోటు పుస్తకంలో తేదీ, గోడ ఏ దిక్కు, పాచి తడిగా ఉన్నప్పుడు తెచ్చారా పొడిగా తెచ్చారా అన్నవి ఉంటే, వచ్చే ఏడు తరగతి వాళ్ళు అక్కడి నుంచి కొనసాగించవచ్చు.